మందబయలు చదును

గొల్లలమెట్ట హైస్కూలు డ్రిల్లు మాస్టారు తాతబ్బాయి గారు అడిగింది ఒక రోడ్డు రోలరు. కొనిపెట్టమని కాదు, ఒక్క పూట ఇమ్మని. ఆ రోజు ఏ పంటినొప్పో వచ్చి నోరు పెగలకుండా ఉంటే ఎంత బాగుండేదని ఆయన తర్వాత చాలాసార్లు అనుకున్నారు. రోలరు అడిగిన పాపానికి జిల్లాలో రెండు కొత్త శాఖలు పుట్టాయంటే మీరు నమ్మరు. ఆయన మాత్రం మొదట నమ్మారా ఏంటి?

స్కూలు వెనకున్న ఖాళీ జాగాని ఊళ్ళో మందబయలు అంటారు. ఒకప్పుడు ఊరి పశువులన్నీ పొద్దున్నే అక్కడ పోగై, ఉన్న గడ్డీ గాదం నమిలి, కాపరి వెంట మెట్టల మీదికి వెళ్ళేవి. ట్రాక్టర్లొచ్చాయి, పాలు పాకెట్లలో రావడం మొదలైంది, పశువులు పోయాయి. పోతూ పోతూ కాలిగుర్తులు మాత్రం ఇక్కడే వదిలిపెట్టాయి. వానాకాలం బురదలో దిగబడ్డ డెక్కల గుంటలు ఎండలకి రాయిలా గట్టిపడి ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయాయి. మధ్యమధ్య చీమల పుట్టలు, పాత పెంటపోగుల దిబ్బలు, గేదెలు పొర్లిన గుంటలు. ఊరి పెద్దలు ఆ బయలుని స్కూలుకి ఆటస్థలమని రాసిచ్చి, చప్పట్లు కొట్టించుకుని, కాఫీలు తాగి వెళ్ళిపోయారు. ఆడవలసింది వాళ్ళు కాదు గదా!

ఆడేది తాతబ్బాయి మాస్టారి ఖోఖో పిల్లలు. అందులో నూకరత్నం అనే పిల్ల ఉంది. అది పరిగెత్తుతుంటే తరిమేవాళ్ళ చేతికి దాని జడ గాలి తగలాల్సిందే తప్ప జడ తగలదు. వాళ్ళమ్మ చిలకమ్మ జీడిపప్పు షెడ్డులో పిక్కలు కొడుతుంది. జీడి అంటుకుని ఆవిడ వేళ్ళు ఎప్పుడూ నల్లగా ఉంటాయి. క్రీడా పాఠశాలలో సీటు సంగతి చెప్పడానికి మాస్టారు ఇంటికి వెళ్తే ఆవిడ సూటిగానే చెప్పింది.

"సీటొత్తే పంపుతానండి, నోరెత్తితే ఒట్టు. రాలేదా, నాతోపాటు షెడ్డుకి రావాల్సిందే. ఇంట్లో కూకోబెట్టి మేపలేను గదండీ."

సీటు కావాలంటే కోచ్ మేడమ్ వచ్చి, స్కూలు ఆటస్థలంలోనే ఆడించి చూడాలి. కార్తీకం వెళ్ళాక వస్తామని కబురు పంపారు. నూకరత్నానికి ఇదే ఆఖరి అవకాశం, వచ్చే ఏడు వయసు దాటిపోతుంది. ఇంతలో ఆ డెక్కల గుంటల్లో కాళ్ళు మడతపడి ఇద్దరు పిల్లలకి చీలమండలు గుమ్మడికాయల్లా వాచాయి. అందుకే మాస్టారు పంచాయతీ సెక్రటరీ దగ్గరికి వెళ్ళి రోలరు అడిగారు.

సెక్రటరీ మంచివాడే. "రోలరుందండి మాస్టారూ. కానీ అది రోడ్డుకని శాంక్షనైన రోలరు. మందబయలు రోడ్డు కాదు గదండీ" అన్నాడు. పోనీ ఒక అర్జీ పెట్టమన్నాడు, తానే పైకి పంపిస్తానన్నాడు. పంపించాడు కూడా. ఆ ఉపకారం చెయ్యకపోయినా బాగుండేది.

అప్పుడే జిల్లాకి ప్రత్యేకాధికారి చిదానందమూర్తి గారు కొత్తగా వచ్చారు. ఎక్కడో శిక్షణకి వెళ్ళి, లోకంలోని అనర్థాలన్నిటికీ మూలం ఎగుడుదిగుడేనని తెలుసుకుని వచ్చారు. వచ్చీ రాగానే 'సమతల సంకల్పం' మొదలుపెట్టారు. ఆఫీసులో ప్రతి బల్ల మీదా గోళీ పెట్టి చూసేవారు, గోళీ దొర్లితే ఆ బల్ల గుమాస్తాకి మెమో. గుమాస్తాలందరూ బల్లకాళ్ళ కింద అట్టముక్కలు దోపుకుంటున్న రోజుల్లో తాతబ్బాయి మాస్టారి అర్జీ ఆయన ముందుకి వెళ్ళింది. ఆయన దాన్ని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నారని చెప్పుకున్నారు.

దాంతో మందబయల్లో షామియానా లేచింది. మిట్టలు తొలగించడానికొక శాఖ, దానికి ఇంజనీరు సర్వారాయుడు గారు. పల్లాలు పూడ్చడానికొక శాఖ, దానికి ఇంజనీరు వల్లీశ్వరరావు గారు. ఇద్దరికీ పక్కపక్కనే కుర్చీలు వేస్తే ఇద్దరూ చెరోవైపు జరిపించుకున్నారు. అధికారుల ముందు మాస్టారికి నిటారుగా నిలబడటం తప్ప ఇంకోటి రాదు. మడమలు కలిపి, చేతులు తొడలకి ఆనించి నిలబడ్డారు.

"మిట్ట అనగా, పరిసర భూతలము కంటె ఉన్నతముగా ఉండు భూభాగము" అన్నారు సర్వారాయుడు గారు. "దీని నిర్మూలన మా పరిధి."

"పల్లము అనగా, పరిసర భూతలము కంటె నిమ్నముగా ఉండు భూభాగము. దీని పూరణ మా పరిధి" అన్నారు వల్లీశ్వరరావు గారు. "అన్యులు చెయ్యి పెట్టరాదు."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అయ్యా, నాకు తెలీక అడుగుతానండి. మిట్ట మీద మన్ను చెక్కి పక్కనున్న గుంటలో పోసేస్తే సరిపోద్దేమోనండి?"

టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు దించారు. సర్వారాయుడు గారు పసివాణ్ణి చూసినట్టు జాలిగా చూశారు.

"మాస్టారూ, మీరు విద్యావంతులు, మీరే ఇలా మాట్లాడితే ఎలా? మిట్టలోని మన్ను మా శాఖ ఆస్తి. అది వారి పల్లంలో పడినచో శాఖాంతర మృత్తికా బదిలీ అవుతుంది. రాష్ట్రస్థాయి అనుమతి లేనిదే మట్టిపెళ్ళ కూడా కదపరాదు."

"పైగా ఊరికే వచ్చిన మన్ను" అన్నారు వల్లీశ్వరరావు గారు. "ఊరికే వచ్చిన మన్నుతో పూడ్చిన పల్లం నాణ్యతకి ఎవరు పూచీ?"

ఒకరి మాటని ఇంకొకరు బలపరచడం అదే మొదలట. మాస్టారు తొందరపడి నోరుజారానని ఒప్పుకున్నారు.

పని మొదలైంది. మిట్టలకి ఎర్రజెండాలు పాతారు, పల్లాలకి పచ్చజెండాలు పాతారు. స్కూలు గోడ పక్కన కాస్త బాగున్న నేల, ఇన్నాళ్ళూ పిల్లలు చచ్చీచెడీ ఆడుకున్న నేల, ఒకటుంది. అది మిట్టా కాదు పల్లమూ కాదు కాబట్టి 'వర్గీకరించబడని భూమి' అని బోర్డు పెట్టి యంత్రాలు నిలపడానికి తీసుకున్నారు. మర్నాటికల్లా ట్రాక్టరు చక్రాలు దిగబడి అక్కడా చాళ్ళు పడ్డాయి. మిట్టల మన్ను లారీలకెత్తి తాలూకా గోదాముకి పంపించారు. పల్లాల కోసం ఎక్కడో కొండ తవ్వి ఎర్రమట్టి లారీల మీద తెప్పించారు. పోయే లారీలూ వచ్చే లారీలూ స్కూలు మలుపు దగ్గర ఎదురుపడి హారన్లు కొట్టుకునేవి. లెక్కల మాస్టారికి గొంతు పోయింది.

ఇక్కడొక శాస్త్రీయమైన ప్రశ్న వచ్చింది. మిట్టని ఎంతవరకు చెక్కాలి? సర్వారాయుడు గారు నిబంధనలు తిరగేసి తేల్చారు. పక్కనున్న పల్లం కంటే ఎత్తుగా ఉన్నంతసేపూ అది మిట్టే కాబట్టి, పల్లం అడుగు వరకూ చెక్కితేనే మిట్ట పోయినట్టు. మరి పల్లాన్ని ఎంతవరకు నింపాలి? వల్లీశ్వరరావు గారూ నిబంధనలే తిరగేశారు. పక్కనున్న మిట్ట కంటే తగ్గి ఉన్నంతసేపూ అది పల్లమే కాబట్టి, మిట్ట శిఖరం వరకూ నింపితేనే పల్లం పోయినట్టు. ఇద్దరి లెక్కా సరైనదే, ఎవరూ తప్పుపట్టలేరు. ఒకరినొకరు అడిగి ఉంటే బాగుండేది గానీ, అడగడం వాళ్ళ పరిధిలోకి రాదు.

ఇద్దరూ ఒకే రోజు, చెరొక ముహూర్తానికి, చెరొక కొబ్బరికాయ కొట్టి పని ముగించారు. జెండాలు పీకేశాక మాస్టారు పిల్లల్ని వెంటబెట్టుకుని మందబయల్లోకి వెళ్ళారు. వెళ్ళి అలా నిలబడిపోయారు. చీమల పుట్టలు ఉన్నచోటల్లా నడుంలోతు గుంటలు. గేదెలు పొర్లిన చోటల్లా నున్నగా గుండ్రంగా ఎర్రమట్టి దిబ్బలు. ఎన్ని మిట్టలుండేవో అన్ని పల్లాలు, ఎన్ని పల్లాలుండేవో అన్ని మిట్టలు.

"మేస్టారండీ" అంది నూకరత్నం బిక్కమొహం పెట్టి, "మొత్తం తిరగబడిపోయిందండి. ఎక్కడెక్కడ గుంటలున్నాయో నేను కంఠతా పెట్టుకున్నానండి. కళ్ళు మూసుకుని పరిగెత్తేదాన్ని. ఇప్పుడదీ పోయిందండి."

మాస్టారు జిల్లా కేంద్రానికి పరిగెత్తారు. సర్వారాయుడు గారు ఆయన్ని జీపులో తిరిగి మందబయలుకే తీసుకొచ్చి, పాత అర్జీ చేతిలో పట్టుకుని నడిపించారు.

"ఈశాన్య మూల పెద్ద మిట్ట ఉందని రాశారు. చూపించండి."

"ఇప్పుడది గుంటైపోయిందండి."

"మిట్ట ఉన్నదా, లేదా?"

"లేదండి."

"బడి గోడ వెనక రెండు మిట్టలన్నారు. అవి?"

"అవీ గుంటలేనండి. కాళ్ళు విరుగుతాయండి బాబూ!"

"అది నూతన ఫిర్యాదు" అన్నారాయన ప్రశాంతంగా. "పాత మిట్ట ఒక్కటి కూడా లేదని మీ నోటితోనే ఒప్పుకున్నారు. గుంటల సంగతి వల్లీశ్వరరావు గారిని అడగండి."

వల్లీశ్వరరావు గారిని అడిగితే ఆయనా అంతే. మీరు చెప్పిన పల్లం ఒక్కటి మిగిలిందేమో చూపించండి, ఇక్కడే ఉద్యోగానికి రాజీనామా ఇస్తానన్నారు. పాపం, ఆ రాజీనామా ఎవరూ తీసుకోలేకపోయారు. కొత్తగా వచ్చిన మిట్టలూ పల్లాలూ రెండో విడతలో తీసుకుంటామని మాత్రం హామీ ఇచ్చారు.

"రెండో విడతలో మళ్ళీ తిరగబడి మొదటికే వస్తది గదండీ!" అన్నారు మాస్టారు ఆపుకోలేక.

"ఆ సంభావ్యత మా దృష్టిలో ఉంది. అందుకే మూడో విడత కూడా ప్రతిపాదించాం" అన్నారు వల్లీశ్వరరావు గారు. "పనికి అంతం లేదని తేలింది కాబట్టి రెండు శాఖల్నీ శాశ్వతం చేస్తున్నారు."

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. నాలుగు తిట్టాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆ ఒంటికి చిన్నప్పటినుంచి అలవాటైంది ఒకటే, విజిల్ వినపడితే నిలబడటం. నిలబడే ఉన్నారు. జీపు వెళ్ళిపోయాక స్కూలు గోడని ఒక తన్ను తన్ని, కాలివేలు పట్టుకుని కూర్చున్నారు. కోచ్ మేడమ్ వచ్చేది ఆ పై వారమే.

చిలకమ్మకి ఈ సంగతి కూతురు చెప్పింది. ఆదివారం పొద్దున్నే ఆవిడ గునపం భుజాన వేసుకుని మందబయల్లో దిగింది. వెనకాల షెడ్డు ఆడవాళ్ళు, పారలు, తట్టలు. మాస్టారు కంగారుగా అడ్డం వెళ్ళారు.

"అమ్మా, అమ్మా, ఆగండి! ఆ మిట్టలో మన్ను ఈ గుంటలో పొయ్యకూడదంట."

"ఏం? గుంటకి కులం తక్కువా?" అంది చిలకమ్మ. "మిట్ట మన్ను తాకితే మైలపడిపోద్దా? జరగండి మేస్టారూ, పొద్దెక్కితే ఎండొచ్చేత్తది."

మాస్టారు జరిగారు. జరిగి, చొక్కా విప్పి గోడ మీద పెట్టి, తానూ ఒక తట్ట ఎత్తారు. దిబ్బ తవ్వడం, పక్కనే ఉన్న గుంటలో పొయ్యడం, అంతే పని. పిల్లలు స్కూలు కుళాయి నుంచి బిందెలతో నీళ్ళు మోసి తడిపారు. ఎవరి దొడ్లోదో కొట్టేసిన తాటిమొద్దు ఒకటుంటే దానికి మోకులు కట్టి, అందరూ కలిసి హైలెస్సా అంటూ అటూ ఇటూ లాగారు. మధ్యాహ్నం భోజనాల వేళకి మందబయలు అరచెయ్యిలా అయింది. అయ్యబాబోయ్, ఇంత చిన్న పనా అని షెడ్డు ఆడవాళ్ళు నవ్వుకున్నారు. సాయంత్రం స్తంభాలు పాతి పిల్లలు ఆడితే ఊరు ఊరంతా వచ్చి చూసింది. నూకరత్నం ఆ చివరినుంచి ఈ చివరికి మెలికలు తిరుగుతూ పరిగెత్తుతుంటే ఒక్కసారైనా కింద చూసుకోలేదు. మాస్టారికి కళ్ళనీళ్ళొచ్చాయి. ఆయన వాటిని దాచుకోలేదు కూడా.

సోమవారం పొద్దున్నే జీపొచ్చింది. అందులో ఇంజనీర్లిద్దరూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. చదునుగా ఉన్న నేలని చూసి ఇద్దరి మొహాల్లోనూ నెత్తురుచుక్క లేదు.

"మేము పూరించిన పల్లములేవి?" అన్నారు వల్లీశ్వరరావు గారు.

"మేము తొలగించిన మిట్టలేవి?" అన్నారు సర్వారాయుడు గారు. "ఇక్కడ మిట్ట తొలగించినట్టు ఆనవాలే లేదు! అంటే మేము పని చెయ్యలేదనేగా?"

"చదునైంది గదండీ సార్" అన్నారు మాస్టారు. "మీ సంకల్పం నెరవేరింది."

"ఎవరి ద్వారా నెరవేరిందన్నది ముఖ్యం!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

విషయమేమిటంటే, గురువారం పొద్దున చిదానందమూర్తి గారు రాష్ట్ర నాణ్యతా బృందాన్ని వెంటబెట్టుకుని కొలతలకి వస్తున్నారు. రికార్డులో ఉన్న లోతుకి లోతు, ఎత్తుకి ఎత్తు అక్కడ కనపడాలి. కనపడకపోతే ప్రభుత్వం చేయించిన పనిని ధ్వంసం చేశారని ఆదివారం తట్టలెత్తినవాళ్ళందరి మీదా కేసు పెట్టక తప్పదన్నారు. ముందుగా పిల్లల పేర్లు చెప్పమన్నారు. పోలీసు కేసున్న పిల్లకి క్రీడా పాఠశాల గడప తొక్కే యోగం లేదని మాస్టారికి తెలుసు. కోచ్ మేడమ్ వచ్చేదీ గురువారమే అని కూడా తెలుసు.

"ఒక్కపూట ఓపిక పట్టండి బాబూ" అని మాస్టారు చేతులు పట్టుకున్నారు. "పొద్దున్న పిల్లలు ఆడేస్తారు. సాయంత్రానికల్లా ఎన్ని గుంటలు కావాలంటే అన్ని నేనే తవ్వి పెడతాను."

"నాణ్యతా బృందం పొద్దున్నే వస్తుంది" అన్నారు వల్లీశ్వరరావు గారు. "బుధవారం సాయంత్రానికి యథాస్థితి. లేదా పేర్లు."

పేర్లు ఇస్తే సీటు ఎప్పటికీ లేదు. గుంటలు తవ్వితే, కోచ్ మేడమ్ దయగలదైతే, ఏ రోడ్డు మీదో ఆడించి చూడవచ్చు. మాస్టారు ఆ రెండో ఆశనే పట్టుకున్నారు. పిల్లల్ని పిలిచి సంగతి చెప్పారు. చెబుతుంటే సిగ్గుతో తల ఎత్తలేకపోయారు.

"మళ్ళీ తవ్వాలాండీ?" అని అడిగింది నూకరత్నం. అడుగుతూనే వెళ్ళి వాళ్ళమ్మ గునపం తీసుకొచ్చింది.

ఆదివారం ఆటలాగా అయిన పని ఇప్పుడు కదలనంది. ఇంజనీర్లు కుర్చీలు వేయించుకుని టేపు పట్టుకు కూర్చున్నారు. ఈ గుంట లోతు చాలదు, ఆ మిట్ట నున్నగా లేదు, ప్రభుత్వం చేసిన మిట్ట అలా ఉంటుందా అని వంకలు పెట్టారు. చిలకమ్మ వాళ్ళ మొహం మీదే దుమ్మెత్తిపోసింది, నిజం దుమ్మే, తట్టతో. వాళ్ళు కళ్ళు తుడుచుకుని, కొలత మళ్ళీ తీసుకున్నారు. బుధవారం పొద్దు గూకేసరికి మందబయలు రికార్డుకి సరిపోయింది.

గురువారం పొద్దున్నే కోచ్ మేడమ్ వచ్చారు. గేటు దగ్గర జీపు దిగి, ఆ దిబ్బలూ గుంటలూ చూసి, చెప్పులోంచి కాలు తీసినావిడ మళ్ళీ చెప్పులో పెట్టేసుకున్నారు.

"మాస్టారూ, ఇందులో పిల్లల్ని పరిగెత్తిస్తే ఎవరికైనా కాలు విరుగుతుంది. నా వల్ల కాదు."

"రోడ్డు మీద చూడండమ్మా. స్కూలు వరండాలో చూడండి. ఒక్క ఐదు నిమిషాలు, ఆ పిల్ల పరుగు చూస్తే మీకే తెలుస్తది."

"స్కూలు మైదానంలోనే చూడాలని రూలండీ. రూలు దాటి నేను తీసుకుంటే రేపు వేరేవాళ్ళు ఊరుకోరు. మైదానం లేదని రాసుకుంటాను. బాగు చేయించండి, వచ్చే ఏడు తప్పకుండా వస్తాను."

"వచ్చే ఏడుకి దానికి వయసు దాటిపోద్దమ్మా!"

కోచ్ మేడమ్ నూకరత్నం కాళ్ళ వైపు ఒక్కసారి చూశారు. ఆటగాళ్ళ కాళ్ళు ఆవిడకి తెలుసు. అయినా జీపెక్కారు. ఆ జీపు గేటు దాటుతుంటే చిదానందమూర్తి గారి కార్ల వరస లోపలికి వచ్చింది. దారి ఇవ్వడానికి ఆవిడ జీపే వెనక్కి తగ్గింది.

కొలతలు అద్భుతంగా కుదిరాయి. లోతుకి లోతు, ఎత్తుకి ఎత్తు, ఎక్కడా వేలెడు తేడా లేదు. నాణ్యతా బృందం మిట్టలు తొలగించిన తీరునీ పల్లాలు పూరించిన తీరునీ వేరువేరుగా మెచ్చుకుంది. రాష్ట్రంలో ప్రథమ సమతల క్షేత్రం గొల్లలమెట్ట మందబయలేనని చిదానందమూర్తి గారు ప్రకటించారు. ఇంజనీర్లిద్దరికీ శాలువాలు కప్పారు. అర్జీ పెట్టి స్ఫూర్తినిచ్చినందుకు తాతబ్బాయి మాస్టారికీ ఒక శాలువా కప్పారు. ఆయన నిటారుగా నిలబడి కప్పించుకున్నారు.

లబ్ధిదారులైన బాలికలతో ఒక ఫొటో కావాలన్నారు. పిల్లల్ని మందబయలు మధ్యలో వరసగా నిలబెట్టారు. ఫొటోగ్రాఫరు కెమెరాలోంచి చూసి బుర్ర గోక్కున్నాడు.

"సార్, ఒకళ్ళు పైకీ ఒకళ్ళు కిందకీ వస్తున్నారండి. సమతలమని కింద రాస్తే బాగోదేమోనండి."

చిదానందమూర్తి గారు అప్పుడు మొదటిసారి పిల్లల వైపు చూశారు. చూసి చిరునవ్వు నవ్వారు. ఎంత చిక్కైనా చిటికెలో విప్పగలవారు గనకనే ప్రత్యేకాధికారి అయ్యారు.

"ఇందులో సమస్యేముంది? పొట్టివారిని పూరించిన పల్లాల మీద, పొడవైనవారిని తొలగించిన మిట్టల్లో నిలబెట్టండి. శిరస్సులన్నీ ఒకే రేఖ మీదికి రావాలి. ఏవండీ డ్రిల్లు మాస్టారూ, వరస సరిచెయ్యడం మీకు రానిది కాదుగా?"

మాస్టారు వరస సరిచేశారు. చిన్నపిల్లల్ని చెయ్యి పట్టుకుని దిబ్బల మీదికి ఎక్కించారు, పెద్దపిల్లల్ని గుంటల్లోకి దించారు. జట్టులో అందరికంటే పొడుగు నూకరత్నం. అన్నిటికంటే లోతు గుంట దాని పాలిట పడింది. మొన్న అది తన చేత్తో తవ్విన గుంటే. గట్టు మీద చిలకమ్మ నల్లటి వేళ్ళతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"ఆ మధ్యలో పాప ఇంకా కొంచెం ఎత్తుగా వస్తోందండి" అన్నాడు ఫొటోగ్రాఫరు.

"మోకాళ్ళు వంచనాండీ మేస్టారూ?" అని అడిగింది నూకరత్నం గుంటలోంచి.

శాలువా కింద మాస్టారి చేతులు పిడికిళ్ళు బిగిశాయి. చుట్టూ చూశారు. అందరూ ఆయన కోసమే ఆగి ఉన్నారు.

"వంచమ్మా" అన్నారు.